సొంత వేరు మీద తీగ

మా హోసూరు పక్క పల్లె నుంచి ఆస్ట్రేలియా పోయి వచ్చినవాణ్ణి ఊళ్ళోవాళ్ళు మొదట అడిగేది కంగారూను చూశావా అని. రెండోది అల్లుడి జీతమెంత అని. మొదటిదానికి చూశానని, రెండోదానికి అడగలేదని చెప్పి తప్పించుకుంటున్నాను. నిజానికి నన్ను ఇంకా వదలనివి కంగారూలు కావు. నూట ఎనభై ఏళ్ళ ద్రాక్షతీగలు, జర్మన్ అక్షరాలున్న సమాధి రాళ్ళు, ఒంటెను కూర్చోబెట్టే ఒక మాట. వీటిని గురించి ఇక్కడ ఎవరూ అడగరు. ఈ పత్రిక చదివేవాళ్ళు తెలుగునాడుకు బయట తరతరాలుగా ఉంటున్నవాళ్ళు కనుక, వీళ్ళకైతే ఇవి చెప్పకుండానే సగం తెలుస్తాయని రాస్తున్నాను.

నేను ముప్పై ఏళ్ళకు పైగా తెలుగు బడిలో పంతులుగా ఉండి పదవీ విరమణ చేసినవాణ్ణి. కూతురు, అల్లుడు, మనవడు దక్షిణ ఆస్ట్రేలియా రాజధాని అడిలైడ్‌లో ఉంటారు. అల్లుడిది కోలారు జిల్లా. ఇంట్లో తెలుగు, బడిలో కన్నడం. తెలుగు గలగలా మాట్లాడతాడు గాని ఒక్క అక్షరం చదవలేడు. మనవడికి తొమ్మిదేళ్ళు. శనివారం పూట అక్కడి తెలుగువాళ్ళు నడుపుకునే బడికి వెళుతున్నాడు. వచ్చే నెల నుంచి వాడి క్రికెట్ ఆటలు కూడా శనివారమే. రెంటిలో ఏది మానాలన్నది నేను వెళ్ళేసరికి ఆ ఇంట్లో పెద్ద తగాదాగా ఉంది.

"నాకు తెలుగు చదవను రాదు మామా. ఏం తక్కువైంది? మాట్లాడతా ఉండాను కదా. వాడూ మాట్లాడతాడు, చాలు" అన్నాడు అల్లుడు.

"నువ్వు మాట్లాడినావంటే చుట్టూ ఊరంతా తెలుగు ఉండె. వీడికి యాడుండాది? నువ్వన్నా చెప్పు నాయనా" అంది కూతురు.

ఇద్దరూ తీర్పు కోసం నా మొహమే చూశారు. సెప్టెంబరు చివర బడి సెలవులకు కారులో తిరగబోతున్నాం కదా, తిరిగొచ్చాక చెబుతానన్నాను. అప్పటికి నా దగ్గర కోపం తప్ప జవాబు లేదు.

మా దారి ఇది. అడిలైడ్ నుంచి ఈశాన్యంగా గంటకు పైగా పోతే బరోస్సా లోయ. అక్కణ్ణుంచి ఉత్తరంగా క్లేర్ లోయ. ఈ రెండూ ద్రాక్షసీమలు. ఆపైన గోధుమ పొలాలు, ఆపైన ఫ్లిండర్స్ కొండలు. కొండలు దాటితే వాళ్ళు అవుట్‌బ్యాక్ అనే ఎర్రనేల. చివరి మజిలీ మరీ అనే చిన్న ఊరు, అడిలైడ్‌కు దాదాపు 700 కిలోమీటర్లు. తిరుగుదారి పోర్ట్ అగస్టా మీదుగా. మొత్తం ఆరు రోజులు. అల్లుడూ కూతురూ వంతులేసుకుని బండి నడిపారు. అక్కడా మనలాగే ఎడమ పక్కనే నడపాలి. చీకటి పడకముందే గూడు చేరాలి, ఎందుకంటే సందెవేళ కంగారూలు రోడ్డు మీదికి దూకుతాయి. పెట్రోలు బంకు కనిపిస్తే సగం ఖాళీగా ఉన్నా నింపుకోవాలి. మంచినీళ్ళు మనిషికి ఇన్ని అని లెక్కగట్టి డిక్కీలో పెట్టుకున్నాము.

బరోస్సా అనగానే ద్రాక్షసారాయి గుర్తొస్తుంది అక్కడివాళ్ళకు. ఒకచోట రుచి చూసే గదిలోకి వెళ్ళాము. నాకు ఆ అలవాటు లేదు. అల్లుడు ఒక్క గుక్క నోట్లో పోసుకుని, పుక్కిలించి, అక్కడ పెట్టిన పాత్రలో ఉమ్మేశాడు. బండి నడపాలి కదా, చట్టం గట్టిది. "డబ్బిచ్చి పుక్కిలించడం ఇక్కడే చూశాను" అంటే కూతురు నవ్వాపుకోలేకపోయింది.

ఈ లోయను దున్నినవాళ్ళలో ఎక్కువమంది జర్మన్లు. ప్రష్యా రాజు మూడో ఫ్రెడరిక్ విల్హెల్మ్ తన రాజ్యంలోని ప్రొటెస్టెంట్ శాఖలన్నిటినీ ఒకే పూజావిధానం కిందికి తెస్తే, పాత లూథరన్లు ఒప్పుకోలేదు. కావెల్ అనే పాస్టరు వెంట 1838లో ఓడలెక్కారు. జార్జ్ ఫైఫ్ ఆంగస్ అనే ఇంగ్లీషు వ్యాపారి అప్పిచ్చాడు. 1836లో పుట్టిన ఆ వలసకు మనుషులు కావలసి ఉండింది. 1842లో బరోస్సాలో వాళ్ళ మొదటి పల్లె బెతనీ వెలిసింది. ఊరు వెలిసిన వెంటనే చర్చి, చర్చి పక్కనే బడి. బడిలో జర్మన్ భాష.

టనుండా ఊళ్ళో లాంగ్‌మైల్ చర్చి ఉంది. గేటు నుంచి గుడి దాకా రెండు వైపులా సైప్రస్ చెట్లు బారులు తీరి ఉంటాయి. వెనక శ్మశానంలో కావెల్ సమాధి ఉంది. నేను పంతులు బుద్ధితో రాళ్ళ మీది ఏళ్ళు చదువుకుంటూ పోయాను. నేను చూసినంతలో పాతరాళ్ళన్నీ జర్మన్. ఇరవయ్యో శతాబ్దిలోకి వచ్చేకొద్దీ ఇంగ్లీషు. ఒకే ఇంటిపేరు, పక్కపక్కనే రాళ్ళు. తండ్రి రాయి ఒక భాషలో, కొడుకు రాయి ఇంకొక భాషలో.

అక్కడ పూలు సర్దుతున్న ఒక అవ్వ పలకరించింది. ఎనభై దాటి ఉంటాయి. మేమెవరమో, ఏ భాష మాట్లాడుతున్నామో అడిగింది. కూతురు చెప్పింది. ఆవిడ తన సంగతి చెప్పుకొచ్చింది. ఆవిడ తండ్రి బడికి పోయే వయసులోనే, 1917లో, ప్రభుత్వం లూథరన్ బడులు మూసేసింది. మొత్తం 49 బడులు. మొదటి ప్రపంచ యుద్ధం నడుస్తోంది, జర్మన్ అంటే శత్రువు భాష. ఆ పిల్లలు పుట్టింది ఈ నేల మీదే, వాళ్ళలో కొందరి తాతలు పుట్టింది కూడా ఈ నేల మీదే. అయినా సరే.

"మా నాయన మాట్లాడేవాడు, చదవలేడు. నేను వింటే అర్థమయ్యేది, మాట్లాడలేను. భోజనానికి ముందు చెప్పుకునే ప్రార్థన ఒకటి వచ్చు. నా పిల్లలకు తిండి పేర్లు వచ్చు" అంది ఆవిడ. ఏడుపు లేదు, కోపం లేదు. గుమ్మం ముందు మూడు మెట్లున్నాయని చెప్పినట్టు చెప్పింది.

అల్లుడు నా పక్కనే నిలబడి విన్నాడు. కారెక్కాక చాలాసేపు ఏమీ మాట్లాడలేదు.

అదే 1917లో ఇంకొక చట్టం వచ్చింది, ఊళ్ళ పేర్లకు. శత్రువుల పేర్లని 69 పేర్లు మార్చారు. తమను తెచ్చిన ఓడ కెప్టెన్ హాన్ పేరున జర్మన్లు కట్టుకున్న హాన్‌డార్ఫ్ 'ఆంబుల్‌సైడ్' అయింది. క్లెమ్‌జిగ్ 'గాజా' అయింది. బ్లూమ్‌బెర్గ్‌కు బర్డ్‌వుడ్ అని ఒక సేనాపతి పేరు పెట్టారు. 1935లో హాన్‌డార్ఫ్, క్లెమ్‌జిగ్ వంటి కొన్నిటి పాత పేర్లు తిరిగి ఇచ్చారు. బోర్డు మీద పేరు తిరిగొచ్చింది. అంతలో పద్దెనిమిదేళ్ళు గడిచాయి. ఒక పిల్లవాడు పుట్టి, బడి చదువు ముగించి పనిలో చేరడానికి అంత కాలం చాలు.

ఇప్పుడు తీగల సంగతి. ఐరోపాలో పందొమ్మిదో శతాబ్ది రెండో సగంలో ఫిలోక్సెరా అనే సన్నని పురుగు ద్రాక్షతోటల వేళ్ళను తినేసింది. చివరికి అమెరికా జాతి వేళ్ళ మీద తమ తీగలను అంటుకట్టుకుని బతికించుకున్నారు. దక్షిణ ఆస్ట్రేలియాకు ఆ పురుగు ఇంతవరకూ రాలేదు. అందుకే ఐరోపా నుంచి మోసుకొచ్చి నాటిన తీగలు ఇక్కడ సొంత వేళ్ళ మీదే ఉన్నాయి. 1843లో లాంగ్‌మైల్‌లో నాటిన షిరాజ్ తీగలు ఈనాటికీ కాస్తున్నాయి. పుట్టింటిలో పోయినది మెట్టినింటిలో నిలిచింది.

ఈ మాట వినగానే నాకు మా పల్లె గుర్తొచ్చింది. కోస్తావాళ్ళు నాగలి అంటే మేము మడక అంటాము. వాళ్ళు గేదె అంటే మేము ఎనుము అంటాము. వాళ్ళకు గట్టు, మాకు గెనిమ. బడికి తనిఖీకి వచ్చినవాళ్ళు మా పిల్లల మాటను సరిచేయబోతే, ఎనుము పాత పుస్తకాల్లో ఉన్న మంచి మాటేనని నేను వాదించేవాణ్ణి. ఎల్లలకు అవతల పడ్డ భాష ఎప్పుడూ పాడైన భాష కాదు. ఒక్కొక్కసారి అది సొంత వేరు మీద మిగిలిన తీగ.

అయితే ఆ తీగ దానంతట అది మిగల్లేదు. తోటల ముందు బోర్డులున్నాయి, వరుసల్లోకి అడుగు పెట్టవద్దని. చెప్పులకంటిన మన్నుతో పురుగు రావచ్చు. తీగలు, మొక్కలు, వాడిన యంత్రాలు ఎల్ల దాటి తేవడానికి గట్టి నిబంధనలున్నాయి. ఏటా చలికాలంలో ఒక్కొక్క తీగనూ చేత్తో కత్తిరిస్తారు. మేము పోయినప్పుడు నల్లగా వంకర్లు తిరిగిన మొద్దుల మీద అప్పుడే చిగురు వేస్తోంది. 1980ల మధ్యలో ద్రాక్ష ధర పడిపోతే, ప్రభుత్వమే డబ్బిచ్చి పాత తీగలను పెరికించింది. ముసలి తీగ తక్కువ కాస్తుంది కదా, లెక్క ప్రకారం పనికిరానిది. ఆ రోజుల్లో పీటర్ లేమన్ వంటి కొందరు ద్రాక్షసారాయి చేసేవాళ్ళు పాత తోటల కాయలు కొంటూ పోయారు. కొనేవాడున్నాడు కనుక రైతు పెరకలేదు. 2009లో తీగల వయసుకు బిరుదులు కూడా ఏర్పరచారు. నూట పాతికేళ్ళు దాటిన తీగను 'పూర్వీకుడు' అంటారు.

ఒకే లోయ, ఒకే ఓడల కాలంలో వచ్చిన రెండు వస్తువులు, తీగ, భాష. తీగ చుట్టూ కంచె కట్టి కాపాడారు. భాష పోయింది. ఆ రాత్రి క్లేర్ లోయలో బస చేసినప్పుడు నాకు నిద్ర పట్టలేదు.

మర్నాడు గోధుమ పొలాలు మొదలయ్యాయి. ఉత్తరంగా పోతూంటే పొలాలు పలచబడి, తరువాత కప్పులేని రాతి ఇళ్ళు కనబడసాగాయి. పొయ్యి గూడు నిలిచి ఉంది, ఇల్లు లేదు. దీని వెనక ఒక గీత కథ ఉంది. 1865లో ఆ వలస ప్రభుత్వపు సర్వేయర్ జనరల్ గాయిడర్ గుర్రం మీద తిరిగి, కరవు ఎక్కడిదాకా వచ్చిందో, ఎక్కడ ఏ మొక్క పెరుగుతోందో చూసి పటం మీద ఒక గీత గీశాడు. దానికి దక్షిణాన సాగు చేయవచ్చు, ఉత్తరాన వాన నమ్మరాదు. తరువాత నాలుగేళ్ళు మంచి వానలు పడేసరికి జనం ఆయన్ను ఎగతాళి చేసి గీత దాటారు. నాగలి వెంటే వాన వస్తుందని నమ్మారు. 1880ల కరవు వాళ్ళను వెనక్కి తరిమింది. ఆ ఇళ్ళు వాళ్ళవే.

గీతలు మనకు కొత్త కాదు. 1953లో ఒకటి, 1956లో ఒకటి గీశారు. ఆ గీతలకు ఇవతల పడ్డవాళ్ళం మనం. గాయిడర్ నేల మీద ఏం పెరుగుతోందో చూసి గీశాడు. మా పల్లెల్లో ఏ మాట పెరుగుతోందో ఎవరైనా గుర్రమెక్కి వచ్చి చూశారా అని మా తండ్రిగారి తరం అడుగుతూ ఉండేది. ఇప్పుడు ఆ గీతల మీద నాకు తగాదా లేదు. తమిళం నేర్చుకోవడం మీద అంతకన్నా లేదు, నాకు అన్నం పెట్టిన ఇరుగుపొరుగు భాష అది. 2006లో తమిళం తప్పనిసరి చేస్తూ చట్టం వచ్చింది. ఒకటో తరగతితో మొదలై ఏటా ఒక తరగతి పైకి పాకింది. దాన్ని నేర్చుకుంటూ తెలుగును నిలుపుకోవడం ఎట్లా అన్నదే నా బెంగ. ఏటేటా నా తరగతిలో బెంచీలు ఖాళీ అవడం నేను కళ్ళారా చూశాను.

ఫ్లిండర్స్ కొండల నడుమ ఇకారా ఉంది. తెల్లవాళ్ళు విల్పీనా పౌండ్ అన్నారు. పెద్ద గిన్నెలాగా చుట్టూ కొండగోడ. రెండు మహాసర్పాలు పడుకుని ఆ గోడలయ్యాయని అక్కడి ఆదివాసులు అద్న్యమతన్హా వారి కథ. అద్న్యా అంటే రాయి. కొండరాళ్ళ జనం అన్నమాట. 2016లో ఆ జాతీయవనం పేరు ముందు ఇకారా అన్న మాటను ప్రభుత్వమే చేర్చింది.

దారి చూపిన ఆయన ఆ జనంలోవాడే. వాళ్ళలో మథరి, అరరు అని రెండు శాఖలున్నాయి. బిడ్డకు తల్లి శాఖ వస్తుంది, పెళ్ళి అవతలి శాఖతోనే. మన మేనరికాల లెక్క తెలిసినవాళ్ళకు ఇది సులభంగా బోధపడుతుంది. అంతకంటే ఆశ్చర్యం వాళ్ళ సర్వనామాలు. 'మనమిద్దరం' అనాలంటే ఆ ఇద్దరూ ఒకే శాఖవాళ్ళా, ఒకే తరంవాళ్ళా అన్నదాన్ని బట్టి మాట మారుతుంది. అట్లాంటి వరుసలు పది దాకా ఉన్నాయని భాషావేత్తలు రాశారు. నోరు తెరిస్తే చాలు, ఎవరికి ఎవరేమవుతారో తెలిసిపోతుంది.

మనవడు సాయంత్రం అడిగాడు: "తాతా, మనకూ అట్లా ఉండాయా?"

"పది లేవు గాని, మేము, మనం అని రెండుండాయి కదరా. నిన్ను కలుపుకుంటే మనం, వదిలేస్తే మేము" అన్నాను.

వాడు కాసేపు ఆలోచించి, "ఇంగ్లీషులో వదిలేసినా తెలీదు" అన్నాడు. నేను బడిలో ఇరవై సార్లు చెప్పిన వ్యాకరణ పాఠం ఇంత బాగా ఎవరూ అప్పజెప్పలేదు.

కొండలు దాటి లిండ్‌హర్స్ట్ చేరాక తారు రోడ్డు అయిపోయింది. ఆపైన కంకర, ఎర్రదుమ్ము. ఎదురుగా రోడ్ ట్రెయిన్ వస్తే కారును పక్కకు తీసి దుమ్ము అణిగేదాకా ఆగడమే. ఒకే లారీకి వెనక బోగీలు, కొన్ని యాభై మీటర్లు దాటి ఉంటాయి. దారిలో ఫరీనా శిథిలాలు. ఫరీనా అంటే లాటిన్‌లో పిండి. గోధుమ పండుతుందని ఆశపడి పెట్టుకున్న పేరు.

మరీ ఊరికి ఒకప్పుడు హెర్గాట్ స్ప్రింగ్స్ అని పేరుండేది. హెర్గాట్ ఒక జర్మన్. యుద్ధకాలంలో అతని పేరూ పోయింది. బరోస్సాలో మొదలైన కథ ఇంత దూరం వెంట వచ్చింది. ఇది ఒంటెలవాళ్ళ ఊరు. 1860ల నుంచి కరాచీ మీదుగా ఒంటెలనూ, వాటిని నడిపేవాళ్ళనూ తెచ్చారు. అందరినీ 'ఆఫ్ఘన్లు' అన్నారు గాని వాళ్ళలో బలూచీలు, పంజాబీలు, సింధీలు, అంటే నాటి హిందూదేశం వాళ్ళూ చాలామంది. రైలు పట్టాలకు ఒక పక్క తెల్లవాళ్ళు, ఇంకొక పక్క వీళ్ళు, ఆదివాసులు. మట్టిగోడలతో చిన్న మసీదు కట్టుకున్నారు. ఇప్పుడు ఉన్నది దాని నమూనా. ఖర్జూరపు చెట్లు మాత్రం ఇంకా ఉన్నాయి.

1901లో వచ్చిన వలస చట్టం ప్రకారం, దేశంలోకి వచ్చేవాడు అధికారి చదివిన 50 మాటలు రాసి చూపాలి, అధికారి ఎంచుకున్న ఏదో ఒక ఐరోపా భాషలో. రంగు పేరెత్తకుండా వద్దనడానికి అదొక ఉపాయం. ఒంటెలవాళ్ళు ఇంటికి పోయి రావాలంటే ఆ పరీక్ష నుంచి మినహాయింపు పత్రం సంపాదించుకోవాలి. భార్యలను తేలేకపోయారు. కొందరు ఇక్కడి ఆదివాసి స్త్రీలనో, తెల్లవాళ్ళనో పెళ్ళాడారు. ఇంట్లో తండ్రి భాష వినేవాళ్ళు లేరు.

వాళ్ళ వంశంలోని ఒక పెద్దాయనతో మాట్లాడాము. ముత్తాత ఏ భాష మాట్లాడేవాడంటే, "పష్తో కావచ్చు, బలూచీ కావచ్చు" అన్నాడు. ఆ భాషలో ఏమైనా వచ్చా అంటే నవ్వి, "హూష్టా" అన్నాడు. ఒంటెను కూర్చోమనే మాట. మనుషులతో మాట్లాడినదంతా పోయి, ఒంటెతో మాట్లాడినది మిగిలింది.

తిరుగుదారిలో పోర్ట్ అగస్టా దగ్గర ఆగాము. అది బార్న్‌గార్లా ఆదివాసుల సీమ. వాళ్ళ భాషను చిన్ననాటి నుంచి మాట్లాడినవాళ్ళు 1960ల నాటికే పోయారు. అయితే షూర్మన్ అనే లూథరన్ మిషనరీ 1844లో ఆ భాషకు నిఘంటువు అచ్చువేశాడు. 2011 నుంచి అడిలైడ్ విశ్వవిద్యాలయంలోని భాషావేత్త జుకర్‌మన్‌తో కలిసి బార్న్‌గార్లా వాళ్ళు ఆ పుస్తకం నుంచే తమ మాటలు మళ్ళీ నేర్చుకుంటున్నారు. ఆ షూర్మనే టైకెల్‌మన్‌తో కలిసి అడిలైడ్ మైదానపు గౌర్నా భాషకు 1840లో వ్యాకరణం, పదకోశం రాశాడు. వాళ్ళు గౌర్నా పిల్లలకు వాళ్ళ భాషలోనే నడిపిన బడిని 1845లో ఇంగ్లీషు కోసం మూసేశారు. ఆ పుస్తకం ఆధారంగానే నేడు గౌర్నా కూడా మళ్ళీ వినబడుతోంది. బ్రౌను దొరగారి తెలుగు వ్యాకరణం మద్రాసులో అచ్చయింది కూడా ఆ 1840లోనే. షూర్మన్ తరువాత విక్టోరియాలో హోక్‌కిర్క్ అనే జర్మన్ ఊరికి పాస్టరుగా పోయాడు. యుద్ధకాలంలో ఆ ఊరి పేరు కూడా మార్చేశారు. ఇంకొకరి మాటలను కాగితం మీద నిలిపినవాడి ఊరికే పేరు దక్కలేదు.

పోర్ట్ అగస్టాలో పెట్రోలు పోయిస్తూ అల్లుడు అడిగాడు: "మామా, అక్షరాలు రావాలంటే ఎన్నాళ్ళు పడుతుంది?"

"వాడికైతే మూడు నెలలు. నీకు కన్నడం వచ్చు కాబట్టి మూడు వారాలు" అన్నాను.

నా తీర్పు అక్కడే చెప్పేశాను. వాడు శనివారం క్రికెట్‌కే పోవాలి. తోటి పిల్లలతో ఆడుకోకుండా చేసి నేర్పిన భాష మీద వాడికి ప్రేమ పుట్టదు. తెలుగును వారానికొక రోజుకు అప్పగించి ఊరుకోవడం మాని, రోజూ అరగంట తండ్రీకొడుకులు ఒకే పలక ముందు కూర్చోవాలి. తండ్రి కూడా నేర్చుకుంటున్నాడని తెలిస్తే కొడుకు ఓడిపోకూడదనుకుంటాడు. తీగను ఏటా కత్తిరించినట్టు, ఇది రోజూ చేయవలసిన పని. ఇల్లు చేసిందల్లా బడి అవసరాన్ని తీర్చదని నాకు తెలుసు. బడులు మూతపడ్డ చోట ఇల్లు ఎన్నాళ్ళు లాగిందో ఆ అవ్వ లెక్కగట్టి చెప్పనే చెప్పింది. కాని బడి లేదని ఇల్లు కూడా చేతులెత్తేస్తే ఆ మూడు మెట్లు కూడా ఉండవు.

ఊరికి తిరిగొచ్చాక నేనొక పని మొదలుపెట్టాను. నూరు పేజీల నోటుపుస్తకంలో మా పల్లె మాటలు రాస్తున్నాను. మడక భాగాల పేర్లు, కపిలతో నీళ్ళు తోడినప్పటి పేర్లు, అనపకాయలతో చేసే వంటల పేర్లు, ఎనుమును పిలిచే అరుపులు, తిట్లు కూడా. కపిల తోలినవాళ్ళు మా ఊళ్ళో ఇక ఇద్దరే ఉన్నారు. వాళ్ళ దగ్గర సాయంత్రాలు కూర్చుంటున్నాను. ఆదివారం ఫోనులో మనవడికి పది మాటలు చెబుతాను, వాడు అక్కడ తన పుస్తకంలో తెలుగు అక్షరాల్లో రాసుకుంటాడు. వాడి ఒత్తులు ఇంకా వంకరగానే ఉన్నాయి.

యానాంలో, బరంపురంలో, షోలాపూరులో, బళ్ళారిలో ఈ పత్రిక చదువుతున్నవాళ్ళూ ఈ పని చేయవచ్చు. పండితులు కానక్కరలేదు. ఒక పుస్తకం, ఒక కలం, ఇంకా బతికున్న ఒక ముసలివారు చాలు. రాసుకునేటప్పుడు మాట పక్కన ఊరి పేరు, చెప్పినవారి వయసు కూడా రాసిపెట్టండి. తరువాత చదివేవారికి అవి కావలసి వస్తాయి.